వాట్సాప్ బిజినెస్ యాప్ రివ్యూ: జీతం అడగని గుమాస్తా, కానీ దండోరా వేయడు

నల్లగొండ ప్రకాశం బజార్‌లో బట్టల దుకాణమైనా, మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా దగ్గర స్వీట్ షాపైనా గిరాకీ ఇప్పుడు మెట్లెక్కి రావడంతో మొదలు కావట్లేదు. ముందు ఫోన్ మోగుతుంది. "అన్నా, ఉన్నదా? రేటెంత?" ఈ రెండు ప్రశ్నలకు రోజంతా జవాబు చెప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ పని కోసం 2018 జనవరిలో వచ్చిందే వాట్సాప్ బిజినెస్ యాప్. ఉచితం. మామూలు వాట్సాప్ పక్కనే వేరే యాప్‌గా ఉంటుంది, గుర్తులో బొమ్మ మధ్యన ఇంగ్లిష్ 'బి' అక్షరం.

ముందే తేల్చి చెప్పాలంటే, ఒక్క కౌంటర్ ఉన్న దుకాణానికి పైసా ఖర్చు లేకుండా ఇంతకన్నా పనికొచ్చేది మరొకటి లేదు. కానీ ఇది పెట్టుకోగానే కొత్త గిరాకీ వచ్చి పడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వచ్చినవాణ్ని పోనివ్వకుండా పట్టుకోవడమే దీని పని. ఊళ్లో లేనివాణ్ని పిలుచుకురావడం దీనికి చేతకాదు. ఈ తేడా తెలియక ఆరు నెలలు వాడి, "ఏం లాభం లేదు" అని తీసేసినవాళ్లే ఎక్కువ.

ఎక్కువ మంది తప్పు చేసేది మొదటి రోజే, నంబర్ దగ్గర. ఒక నంబర్ మీద మామూలు వాట్సాప్ గానీ, బిజినెస్ గానీ ఏదో ఒకటే నడుస్తుంది. యజమాని సొంత నంబరునే బిజినెస్‌లోకి మారిస్తే మేనత్త పంపిన పెళ్లిపత్రికా, సూరత్ వ్యాపారి పంపిన బిల్లూ, గిరాకీ అడిగిన రేటూ ఒకే కుప్పలో పడతాయి. రెండు సిమ్‌ల ఫోన్ ఉంటే సొంత నంబర్‌కు మామూలు వాట్సాప్, దుకాణం నంబర్‌కు బిజినెస్. రెండూ ఒకే ఫోన్‌లో హాయిగా ఉంటాయి. బోర్డు మీద ఇరవై ఏళ్లుగా రాసి ఉన్న ల్యాండ్‌లైన్ ఇంకా పనిచేస్తుంటే కొత్త సిమ్ కూడా అక్కర్లేదు. నల్లగొండ కోడ్ 08682, మహబూబ్‌నగర్ 08542. ముందున్న సున్నా తీసేసి, 91 తర్వాత 8682తోనో 8542తోనో మొదలుపెట్టి నంబర్ కొట్టాలి. ఎస్ఎంఎస్ ల్యాండ్‌లైన్‌కు రాదు కాబట్టి కాసేపు ఆగి, ఫోన్ చేసి కోడ్ చెప్పే ఆప్షన్ నొక్కితే ఆరు అంకెలు రిసీవర్‌లో వినిపిస్తాయి. పెన్ను చేతిలో పెట్టుకుని ఎత్తండి.

పాత నంబర్‌నే మార్చక తప్పకపోతే ముందు గూగుల్ డ్రైవ్‌కు బ్యాకప్ తీసుకోండి. మామూలు వాట్సాప్ నుంచి బిజినెస్‌కు చాట్‌లు సులువుగా వస్తాయి, వెనక్కి పోయేటప్పుడు మాత్రం అంత నమ్మకం లేదు. ఇక సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. కౌంటర్‌లో పనిచేసే కుర్రాడి ఆధార్‌తో తీసుకున్న సిమ్ అయితే, అతను మానేసిన రోజున దుకాణం నంబరూ అతనితోనే పోతుంది. రీచార్జి చేయకుండా మూలన పడేసిన సిమ్ కూడా అంతే, కొన్ని నెలలకు రద్దయి ఇంకెవరికో కేటాయిస్తారు. సెట్టింగ్స్‌లో రెండంచెల వెరిఫికేషన్ పెట్టి, ఆరు అంకెల పిన్‌ను యజమాని మాత్రమే దగ్గర పెట్టుకోవాలి.

ప్రొఫైల్‌కు పది నిమిషాలు చాలు. దుకాణం పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయాలి. లొకేషన్ పిన్ మాత్రం ఇంట్లో కూర్చుని పెట్టొద్దు, షట్టర్ ముందు నిలబడి పెట్టండి. బజార్ గల్లీల్లో పిన్ ముప్పై మీటర్లు జరిగితే గిరాకీ వెనక వీధిలో తేలతాడు.

ఇక క్యాటలాగ్. ఈ యాప్‌లో అసలు సరుకంతా ఇక్కడే ఉంది. 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి 10 ఫోటోలు, పేరు, ధర, వివరం, కోడ్. ఐదువందలూ నింపాలన్న ఆరాటం అక్కర్లేదు. కిరాణా దుకాణమైతే వేగంగా కదిలే నలభై సరుకులు చాలు. బియ్యం బస్తా పెట్టేటప్పుడు 25 కిలోలదా, 26 కిలోలదా స్పష్టంగా రాయాలి. 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్‌పై 2022 జూలై నుంచి జీఎస్టీ పడటంతో మిర్యాలగూడ వైపు మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు కూడా వస్తున్నాయి. ఆ ఒక్క కిలో రాయకపోతే పక్క దుకాణం రేటుతో పోల్చి మిమ్మల్నే ఖరీదు అంటారు.

చీరల దుకాణానికి క్యాటలాగ్ మరో రకం పని పెడుతుంది. గద్వాల చీరనే తీసుకోండి. బాడీ కాటన్, అంచూ కొంగూ పట్టు, జరీ. రెండింటినీ కుప్పడం పద్ధతిలో మగ్గం మీదే కలుపుతారు. ఫోటో చూసేవాళ్లకు అనుమానం వచ్చేదీ ఆ కలిపిన చోటే, నమ్మకం కుదిరేదీ అక్కడే. కాబట్టి మొదటి ఫోటోలో మడత చీర మీద అంచు, కొంగు రెండూ కనిపించాలి. రెండోది కొంగు పూర్తిగా పరిచి. మూడోది అంచు దగ్గరగా, పక్కన చెయ్యి పెట్టి, వెడల్పు తెలిసేలా. నాలుగోది తిరగేసి వెనక వైపు. చేనేత చూసిన కళ్లకు వెనక వైపే సాక్ష్యం, చాలామంది దాన్ని పెట్టరు. ఐదోది బ్లౌజు ముక్క. ట్యూబ్‌లైట్ కింద తీస్తే నెమలి కంఠం రంగు నీలంగా వస్తుంది, పసుపు బల్బు కింద మెంతి రంగు ఇటుక రంగవుతుంది. పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య దుకాణం గడప నీడలో, ఎండ నేరుగా పడకుండా తీయండి. ఫిల్టర్లు ముట్టుకోవద్దు. రంగు తేడా వచ్చి తిరిగొచ్చిన పార్సిల్‌కు రెండువైపులా ఖర్చు దుకాణం మీదే పడుతుంది.

వివరం ఇలా ఉంటే సరిపోతుంది: "గద్వాల సీకో. బాడీ కాటన్, అంచు, కొంగు పట్టు. అంచు 6 అంగుళాలు, కోటకొమ్మ. బ్లౌజు ఉంది. మొదటి ఉతుకు డ్రైవాష్. ఒక్కటే పీసు. కోడ్ 47." ఇందులో అన్నిటికన్నా పనిచేసే మాట 'ఒక్కటే పీసు'. చేనేతలో అదే రంగు, అదే అంచు మళ్లీ దొరకదు. అమ్ముడుపోగానే ఆ వస్తువును క్యాటలాగ్‌లో 'హైడ్' చేయాలి, డిలీట్ చేయొద్దు. హైడ్ చేస్తే ఫోటోలు, వివరం అలాగే ఉంటాయి. దానికి దగ్గరి చీర వచ్చినప్పుడు మార్చి మళ్లీ చూపించొచ్చు. కోడ్ అంకెను చీర మడతలో పెట్టే చీటీ మీద కూడా రాయండి. లేకపోతే "ఆ పచ్చది పంపు అన్నా" అన్నప్పుడు బీరువాలో పచ్చవి పదకొండు ఉంటాయి.

ధర రాయకుండా 'ధర కోసం మెసేజ్ చేయండి' అనే అలవాటు మానుకోవాలి. బేరానికి చోటు ఉంటుందని అనుకుంటారు గానీ, జరిగేది ఒకటే: అడగడానికి మొహమాటపడేవాళ్లు అడగకుండా వెళ్లిపోతారు, పనిలేనివాళ్లు మాత్రం వంద ధరలు అడుగుతారు.

క్యాటలాగ్‌లో పెట్టిన ప్రతి వస్తువునూ వాట్సాప్ యజమాని కంపెనీ మెటా పరిశీలిస్తుంది. మన జిల్లాల్లో తరచూ తిరస్కరించబడేది నాటుకోళ్లు, గొర్రెలు, మేకలు. బతికున్న జంతువుల అమ్మకం వాళ్ల వాణిజ్య నియమాలకు విరుద్ధం. మందుల దుకాణంవాళ్లు మందులు పెట్టినా, పాన్‌షాపువాళ్లు సిగరెట్ పెట్టినా అదే గతి. తిరస్కరించినదాన్నే పేరు మార్చి మళ్లీ మళ్లీ పెడితే ఖాతాకే ముప్పు. కోళ్లఫారం వాళ్లు క్యాటలాగ్ జోలికి పోకుండా ప్రొఫైల్, క్విక్ రిప్లైలతో సరిపెట్టుకోవడం మేలు.

ఆ క్విక్ రిప్లై సంగతి. రోజుకు ముప్పైసార్లు టైపు చేసే జవాబును ఒక్కసారి రాసి, చిన్న పేరు పెట్టి దాచుకుంటే, తర్వాత స్లాష్ గుర్తు కొట్టగానే జాబితా వస్తుంది. 50 దాకా పెట్టుకోవచ్చు, ఎనిమిది కూడా దాటవు నిజానికి: అడ్రస్, వేళలు, పార్సిల్ చార్జీ, డబ్బు ఎలా పంపాలి, మార్పిడి నియమం, సరుకు అయిపోయింది, ఎప్పుడొస్తుంది. నారాయణపేట, గద్వాల దుకాణాలకు రాయచూర్, యాద్గిర్ వైపు నుంచి గిరాకీ ఎక్కువ. అడ్రస్, పార్సిల్ జవాబులను కన్నడలో కూడా ఒకటి రాయించి పెట్టుకోండి. ఆ రెండు వాక్యాలు చూసి వాళ్లు ఎంత చనువుగా మాట్లాడతారో మీరే చూస్తారు.

పలకరింపు సందేశం వేరు. కొత్తవాళ్లు మొదటిసారి రాసినప్పుడు, లేదా 14 రోజులు మాటల్లేకుండా మళ్లీ రాసినప్పుడు దానంతట అదే పోతుంది. చాలా దుకాణాల్లో యాప్ ఇచ్చిన ఇంగ్లిష్ వాక్యమే ఇంకా ఉంది. అది చదివినవాళ్లకు బ్యాంకు మెసేజ్ చదివినట్టుంటుంది. దాన్ని తీసేసి ఇలాంటిది పెట్టండి: "నమస్తే. దుకాణం పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా. క్యాటలాగ్‌లో నచ్చినదాని మీద నొక్కి పంపండి. లేదంటే ఏం కావాలో, ఎంతలో కావాలో ఒక్క మాట రాయండి, గంటలో ఫోటోలు పెడతాం." గంటలో పెట్టలేనప్పుడు గంట అని రాయొద్దు, సాయంత్రం లోపు అని రాయండి. దుకాణం మూసిన వేళ పోయే 'అవే' సందేశంలో ఒక మెలిక ఉంది. ఫోన్‌కు ఇంటర్నెట్ ఉంటేనే అది పోతుంది. రాత్రి షట్టర్ వేసి ఫోన్ స్విచాఫ్ చేసి ఇంటికెళ్లేవాళ్లకు ఆ సందేశం ఉన్నా లేనట్టే.

బ్రాడ్‌కాస్ట్ దగ్గరికి వద్దాం. ఫిర్యాదులన్నీ ఇక్కడే పుడతాయి. ఒక జాబితాలో 256 మంది దాకా చేర్చవచ్చు, ఒక్క నొక్కుతో అందరికీ విడివిడిగా పోతుంది. అయితే మీ నంబర్‌ను తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అందుతుంది. మీరు వాళ్లను సేవ్ చేసుకుంటే చాలదు. 200 మందిని చేర్చి, అందులో 80 మందే మిమ్మల్ని సేవ్ చేసుకుని ఉంటే ఆ 80 మందికే చేరుతుంది, మిగతా 120 దగ్గర ఒక్క టిక్కుతో ఆగిపోతుంది. స్టేటస్‌కూ ఇదే నియమం. "యాప్ పనిచేయట్లేదు" అన్నవాళ్లలో చాలామంది సమస్య ఇదొక్కటే.

అందుకే సేవ్ చేయించుకోవడమే అసలు మార్కెటింగ్. యాప్‌లోనే మీ క్యూఆర్ కోడ్ ఉంటుంది, దాన్ని అరచేతి సైజులో ప్రింట్ తీయించి గల్లాపెట్టె పక్కన అతికించండి. ఫోన్‌పే క్యూఆర్ పక్కనే పెడితే రెండూ కలిసిపోయి జనం తికమక పడతారు, దానికి ఎదురు వైపు పెట్టాలి. పైన 'డబ్బు కోసం కాదు, కొత్త సరుకు ఫోటోల కోసం' అని తెలుగులో రాయించండి. స్కాన్ చేశాక చాట్ తెరుచుకుంటుంది, అప్పుడు "అక్కా, నంబర్ సేవ్ చేసుకో, మాల్ రాగానే నీకే ముందు పెడతా" అని కౌంటర్‌లో ఉన్న మనిషి నోటితో చెప్పాలి. ఏ పోస్టరూ ఆ మాటంత పనిచేయదు.

ఎప్పుడు పంపాలన్నది వస్తువును బట్టి. బతుకమ్మ చీరల సందేశం ఎంగిలిపూల రోజున పంపితే ఆలస్యమైపోయినట్టే. బ్లౌజు కుట్టాలి, పండగ దగ్గరపడ్డాక టైలర్లు కొత్త బట్ట తీసుకోరు. అమావాస్యకు మూడు వారాల ముందు పంపాలి. మిఠాయిలకు రెండు మూడు రోజుల ముందు చాలు. టీవీ, కూలర్, కుట్టుమిషన్ లాంటి పెద్ద వస్తువులకు ఐకేపీ కేంద్రంలో ధాన్యం తూకమై రైతు ఖాతాలో డబ్బు పడే రోజులు చూసుకోవాలి. అంతకు ముందు పంపితే చూసి నవ్వుకుంటారు. నెలకు మూడు, పండగ నెలలో నాలుగు, అంతకు మించొద్దు. రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మ మీద శుభోదయం పంపే దుకాణాన్ని జనం మ్యూట్ చేస్తారు, ఆ తర్వాత అసలు ఆఫర్ పంపినా చూడరు. ఎక్కువ మంది బ్లాక్ చేసి రిపోర్ట్ కొడితే నంబరే మూతపడుతుంది. చదవడం ఇబ్బంది అయిన గిరాకీ ఉన్న దుకాణాలు ఇరవై సెకన్ల వాయిస్ పంపితే బాగా వింటారు. అందులో ధర మాత్రం తప్పక చెప్పాలి.

ఈ సందు చూసే బల్క్ వాట్సాప్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు దుకాణాల చుట్టూ తిరుగుతారు. పదివేల నంబర్ల జాబితా, రోజుకు వెయ్యి మెసేజ్‌లు అంటారు. అనధికార సాఫ్ట్‌వేర్‌తో పంపడం వాట్సాప్ నియమాలకు విరుద్ధం. నిషేధం పడేది మీ నంబర్ మీద, సాఫ్ట్‌వేర్ అమ్మినవాడి మీద కాదు. బోర్డు మీద, బిల్లుబుక్కు మీద, సంచుల మీద అచ్చువేసిన నంబర్ ఒక్క పూటలో పోతుంది.

చాట్‌లకు చీటీల్లా తగిలించే లేబుళ్లు 20 దాకా పెట్టుకోవచ్చు, రంగులతో. కొత్త ఆర్డర్, డబ్బు రావాలి, పార్సిల్ పోయింది, ఉద్దెర. ఈ నాలుగూ చాలు. ఉద్దెర లేబుల్ గిరాకీకి కనిపించదు, కాబట్టి మొహమాటం లేదు. అయితే దీన్నే ఖాతాబుక్కు అనుకోవద్దు. ఎవరు బాకీ ఉన్నారో చూపిస్తుంది గానీ ఎంత బాకీయో లెక్క పెట్టదు. నెలాఖరున ఆ లేబుల్ తెరిచి వరసగా ఒక్కొక్కరికి మర్యాదగా రాయడానికి పనికొస్తుంది. బ్రాడ్‌కాస్ట్‌లో బాకీ గుర్తుచేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

డబ్బు విషయంలో ఒక్కటే జాగ్రత్త. 'పేమెంట్ అయింది' అని చాట్‌లో వచ్చే స్క్రీన్‌షాట్ రుజువు కాదు. అలాంటి నకిలీ బొమ్మలు తయారుచేసే యాప్‌లున్నాయి. బ్యాంకు మెసేజో, సౌండ్‌బాక్స్ మాటో వచ్చాకే పార్సిల్ కట్టాలి. డబ్బు తీసుకోవడానికి పిన్ కొట్టమన్నారంటే అది మోసమే.

ఇక ఈ గుమాస్తా చేయని పని, దండోరా. కొత్త మనిషి "దగ్గర్లో గద్వాల చీరలు" అని వెతికేది గూగుల్‌లో, వాట్సాప్‌లో కాదు. అందుకు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ కావాలి, అదీ ఉచితమే. దుకాణం పేరుకు 'బెస్ట్', 'నంబర్ వన్', ఊరి పేరు తగిలించి రాస్తే నియమం తప్పినట్టు, ప్రొఫైల్ నిలిపేస్తారు. వెరిఫికేషన్‌కు వీడియో అడిగితే వీధి, బోర్డు, షట్టర్ తాళం తీయడం, లోపలి సరుకు, ఇవన్నీ తెంపు లేకుండా ఒకే వీడియోలో చూపాలి. మధ్యలో ఆపి అతికిస్తే ఆమోదం రాకపోవచ్చు. ఆ ప్రొఫైల్‌లో ఉండే చాట్ సౌకర్యాన్ని గూగుల్ 2024 జూలైలో తీసేసింది. అందుకే ప్రొఫైల్‌లో ఇచ్చే ఫోన్ నంబర్ వాట్సాప్ బిజినెస్ ఉన్నదే అయ్యుండాలి. మ్యాప్‌లో చూసినవాడు అదే నంబర్‌కు రాస్తాడు, అక్కడినుంచి గుమాస్తా చూసుకుంటాడు.

ఫేస్‌బుక్‌లో 'వాట్సాప్‌కు రండి' ప్రకటనలు కూడా వేయొచ్చు. రోజుకు రెండు వందలు పెట్టి ఐదు రోజులు, ఒకే వస్తువు, ధర కనిపించే ఫోటోతో పరీక్షించండి. జవాబు చెప్పే మనిషి పక్కన లేని రోజున వేస్తే ఆ డబ్బు వృథా.

ఫోన్ నిండిపోవడం మరో తలనొప్పి. ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ ఇప్పుడు గూగుల్ ఖాతాలోని 15 జీబీలోంచే పోతుంది. వీడియోలు బ్యాకప్‌లో లేకుండా చేసి, ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపేయండి. ఈ యాప్‌ను ఇంకో నాలుగు పరికరాలకు కలుపుకోవచ్చు కాబట్టి, కౌంటర్‌లోని కంప్యూటర్‌లో తెరిస్తే టైపింగ్ వేగంగా అవుతుంది. దుకాణంలో పనిచేసే మనిషి మారినప్పుడల్లా 'లింక్డ్ డివైసెస్' తెరిచి, అక్కర్లేని పరికరాన్ని లాగౌట్ చేయాలి. దీన్ని మరిచిపోయే దుకాణాలే ఎక్కువ. మానేసిన కుర్రాడి ల్యాప్‌టాప్‌లో మీ గిరాకీ జాబితా మొత్తం రోజూ కొత్తగా తెరుచుకుంటూ ఉంటుంది.

డబ్బు కట్టే ఏపీఐ రకం, అంటే వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు కలిపి నడిపే వాట్సాప్ గురించి అడుగుతుంటారు. అందులో ప్రచార సందేశం ఒక్కోదానికి చార్జీ, దాన్ని నడిపే కంపెనీకి వేరే అద్దె. మూడు నాలుగు బ్రాంచీలుండి, జవాబు చెప్పడానికి ఐదారుగురు కూర్చునే షోరూమ్‌కు అది తగినది. దేవరకొండలోనో, అచ్చంపేటలోనో ఒక్క షట్టర్ ఉన్నవాళ్లు ఆ డబ్బుతో మంచి కెమెరా ఉన్న ఫోన్ కొనుక్కుని, క్యాటలాగ్‌లో ఆ నాలుగో ఫోటో, చీర వెనక వైపుది, సరిగ్గా తీసుకోవడం నయం.